మాల మెడలో, గర్వం తలలో: ‘నేనే పవిత్రం’ అనే జబ్బు గురించి



పోయిన వారం వీడియోలో కొండగట్టు హనుమాన్ దీక్ష గురించి చెప్పుకున్నాం. మాల ఎలా వేసుకోవాలి, 41 రోజులు ఏం పాటించాలి, 11 రోజులు, 21 రోజుల దీక్ష ఎవరికి వీలు, చిన్న జయంతికి, పెద్ద జయంతికి కొండ మీద రద్దీ ఎలా ఉంటుంది, ఇవన్నీ చూశాం. ఆ వీడియో చూసిన ఒక తమ్ముడు ఒక ప్రశ్న అడిగాడు: “అన్నా, మా ఇంట్లో మాల వేసుకున్నోళ్ళకే ఎక్కువ కోపం ఉంటది. మాల లేనోళ్ళు నవ్వుకుంట ఉంటరు. ఎందుకన్నా ఇట్ల?”

‘కోపం తగ్గించుకోవాలి తమ్ముడూ’ అని రెండు నిమిషాల్లో జవాబు చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ ప్రశ్న నాకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. ఎందుకంటే అది నా కథ కూడా. అందుకే ఈ వారం వీడియోలో సగమే చెప్పి, మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపికగా చదవండి.

ముందు నా తప్పు

కొన్నేండ్ల కిందటి సంగతి. అప్పుడు మేం కరీంనగర్‌లో మంకమ్మతోట దగ్గర రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. బాపు, అమ్మ, నాయినమ్మ, నేను, చెల్లె. నేను ఒక కంపెనీలో మార్కెటింగ్ పని చేసేవాణ్ణి. పొద్దంతా బండి మీద తిరగడమే. చెల్లె ఇంటర్ పరీక్షలు రాసి ఎంసెట్ కోచింగ్‌కు పోతోంది.

ఆ ఏడు మొదటిసారి హనుమాన్ మాల వేసుకున్నాను. పొద్దుగాల నాలుగున్నరకు లేచుడు, చన్నీళ్ళ స్నానం, కాషాయ బట్టలు, కాళ్ళకు చెప్పుల్లేవు, నేల మీద చాప, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం. మొదటి పది రోజులు నిజంగానే చాలా మంచిగ అనిపించింది. ఫోన్ చూసుడు తగ్గింది. నోట్లో బూతు మాట ఆగింది. మనసులో ఏదో తేలిక. దీక్షలో ఆ సుఖం అబద్ధం కాదు, వేసుకున్నవాళ్ళకు తెలుసు.

కానీ ఇంకొకటి కూడా జరుగుతుంది. మాల పడగానే అందరూ ‘స్వామి’ అంటారు. బస్సు కండక్టర్ ‘స్వామి’ అంటాడు, చాయ్ హోటలాయన ‘రా స్వామి, కూసో’ అంటాడు. నాకంటే ఇరవై ఏండ్ల పెద్దవాళ్ళు దండం పెడతారు. మొదట సిగ్గేస్తుంది. పది రోజులకు అలవాటవుతుంది. ఇరవై రోజులకు, ఎవరన్నా అలా పిలవకపోతే కోపం వస్తుంది. చెడు ఎక్కడ మొదలైందో అప్పుడు నేను గమనించలేదు.

ఇంట్లో తనిఖీ మొదలుపెట్టాను. అమ్మ స్నానం చేయకుండా గిన్నె ముట్టిందా? బాపు చాప మీద కాలు పెట్టిండా? నాయినమ్మ పోచమ్మకు కోడి మొక్కుకున్నదట, ఇప్పుడా మొక్కేంది? దీక్ష నాది, పరీక్ష వాళ్ళకు.

చెల్లెకు నెలసరి వచ్చినప్పుడు, “ఇంట్ల పీఠం ఉన్నది, నువ్వు ఉండద్దు” అని చొప్పదండిలో చిన్నమ్మ ఇంటికి పంపించాను. పుస్తకాల సంచి భుజానికి వేసుకొని పోయింది. అక్కడి నుంచి బస్సుల మీద కోచింగ్‌కు వచ్చిపోయేది. 41 రోజుల్లో రెండుసార్లు అట్ల పోయింది. రెండు గ్రాండ్ టెస్టులు తప్పిపోయినయ్. దీక్ష నియమాలు ఇంటింటికీ, గురువు గురువుకూ వేరుగా ఉంటాయి, ఆ చర్చ ఇప్పుడు వద్దు. నేను చెప్పేది నేను ఆ పని చేసిన తీరు గురించి. ఒక్కసారి కూడా ‘నేనే వేరే చోట పడుకుంటా, నువ్వు చదువుకో’ అనే ఆలోచన నాకు రాలేదు. నియమం నాది, బరువు ఆమెది.

ఇప్పుడు అసలు సంగతి. మా కంపెనీలో నెలాఖరుకు పెట్రోల్ బిల్లు పెట్టాలి. 40 కిలోమీటర్లు తిరిగితే 70 రాసేవాణ్ణి. నా చేతిరాత బాగుండదు. అందుకే ఆ కాగితం చెల్లెతో రాయించేవాణ్ణి. దీక్షలో కూడా రాయించిన. పీఠం పక్కన కూర్చొనే రాయించిన.

రెండోసారి సంచి భుజానికి వేసుకొని గడప దాటుతూ చెల్లె ఆగింది. “అన్నా, నేనుంటే నీ పీఠం మైల పడ్తదంటున్నవ్. ఆ దొంగ బిల్లు పీఠం పక్కనే పెట్టినవ్ గదా, దాంతోని పడలేదా?” అన్నది.

నేనేమన్నానో తెలుసా? “నోర్ముయ్యి, దేవుని సంగతి నీకేం తెలుసు” అన్నాను. మెడలో మాల వేసుకొని!

మాల విరమణకు అందరం కొండగట్టు పోయినం. చెల్లె రాలేదు. ఆ తర్వాత ఆరేండ్లు ఏ గుడికీ రాలేదు. బంధువులు అడిగితే, ‘దానికి పట్నం గాలి సోకింది’ అని నేనే చెప్పేవాణ్ణి.

కొంగ, కోపం, మాంసం దుకాణం

మహాభారతం అరణ్యపర్వంలో మార్కండేయ మహర్షి ధర్మరాజుకు చెప్పిన ఒక కథ ఉంది. కౌశికుడని ఒక బ్రాహ్మణ యువకుడు. వేదం చదివాడు, తపస్సు చేశాడు. ఒకరోజు చెట్టు కింద కూర్చొని వేదం వల్లిస్తుంటే పైన ఉన్న కొంగ రెట్ట వేసింది. తల ఎత్తి కోపంగా చూశాడు. అంతే, కొంగ చచ్చి కింద పడింది. పాపం, బాధపడ్డాడు కూడా. కానీ ఆ బాధ మాటున ‘నా చూపుకు ఇంత శక్తి ఉందా!’ అనే ముచ్చట కూడా ఉండి ఉంటుందని నాకు అనిపిస్తుంది. నాకు ‘స్వామి’ అనే పిలుపు అలవాటైనట్టే.

తర్వాత భిక్షకు ఊళ్ళోకి వెళ్ళాడు. ఒక ఇంటి ఇల్లాలు ‘ఆగండి, తెస్తాను’ అని లోపలికి వెళ్ళింది. అంతలో ఆమె భర్త ఆకలితో వచ్చాడు. ఆయనకు అన్నం పెట్టి, ఆ పనులన్నీ అయ్యాక బయటికి వచ్చింది. కౌశికుడు మండిపడ్డాడు. నేనెవరో తెలుసా అన్నట్టు చూశాడు. ఆమె భయపడలేదు. నీ చూపుకు చచ్చిపోవడానికి నేను కొంగను కాను అని తెలిసేలా చెప్పింది. అడవిలో ఎవరూ చూడని సంగతి ఆమెకు ఎలా తెలిసింది? కౌశికుడికి నోట మాట రాలేదు. ‘ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకు వెళ్ళు, అక్కడ ధర్మవ్యాధుడు ఉన్నాడు’ అని ఆమె పంపించింది.

మిథిలకు వెళ్ళి చూస్తే ధర్మవ్యాధుడు ఎక్కడున్నాడు? మాంసం దుకాణంలో! కౌశికుడు దూరంగా నిలబడిపోయాడు. ఆయనే లేచి వచ్చి పలకరించి ఇంటికి తీసుకుపోయాడు. తాను జంతువులను చంపననీ, మాంసం తిననీ, కులవృత్తిగా వచ్చిన పనిని నిజాయితీగా చేస్తున్నాననీ చెప్పాడు. ధర్మం మీద ఎన్నో మాటలు చెప్పి చివరికి తన ముసలి తల్లిదండ్రులను చూపించాడు. ‘నాకు దేవుళ్ళు వీళ్ళే’ అన్నాడు. ఆ తర్వాత అసలు దెబ్బ కొట్టాడు. ‘నువ్వు నీ తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇల్లు వదిలి వచ్చావు. ఏడ్చి ఏడ్చి వాళ్ళ చూపు పోయింది. ఇంటికి పో’ అన్నాడు.

మిత్రులారా, ఈ కథను మనం సాధారణంగా ‘తల్లిదండ్రుల సేవ’ పాఠంగా చెబుతాం. అది నిజమే. కానీ ఇంకో కోణం చూడండి. ఎవరి తపస్సు నిజమో, ఎవరి గర్వం నిజమో కౌశికుడికి చెప్పినవాళ్ళు ఎవరు? వంటింట్లో ఉన్న ఇల్లాలు, మాంసం అమ్మే మనిషి. అతను ఇద్దరినీ మొదట తనకంటే తక్కువ అనుకున్నాడు. అతని తపస్సు లెక్కల్లో ఇంట్లో గుడ్డివాళ్ళయిన అమ్మానాన్న లేరు. నా 41 రోజుల లెక్కలో చెల్లె తప్పిపోయిన రెండు టెస్టులు లేనట్టే.

మా నాయినమ్మ సంగతి కూడా చెప్పాలి. ఆమె వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లిస్తుంది. కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరుగుతుంది. అది కాగానే బద్దిపోచమ్మ దగ్గర బోనం పెడుతుంది, కోడిని మొక్కుతుంది. ఆమెకు ఈ రెండింటి మధ్య గొడవే లేదు. గొడవ నాకే. ‘ఇదేం భక్తి’ అని ఆమె మొఖం మీదనే అన్నాను. ఆమె నవ్వి, “బిడ్డా, రాజన్న తల్లిని అడుగుతడా ఏం తిన్నవని?” అన్నది. నా జీవితంలో ఆమె ఒక్కసారి కూడా నన్ను ‘నువ్వు స్నానం చేసినవా, దండం పెట్టినవా’ అని లెక్క అడగలేదు. ఆకలైతుందా అని మాత్రం రోజూ అడిగింది.

శౌచం ఏడోది

గీత 13వ అధ్యాయంలో శ్రీకృష్ణుడు జ్ఞానం అంటే ఏమిటో ఒక వరుస చెబుతాడు. మొదటిది అమానిత్వం, అంటే గౌరవం కోసం పాకులాడకపోవడం. రెండోది అదంభిత్వం, అంటే లేని గొప్ప చూపించుకోకపోవడం. తర్వాత అహింస, ఓర్పు, రుజువర్తన, గురుసేవ. ఆ తర్వాత వస్తుంది శౌచం, అంటే శుభ్రత. లెక్కపెట్టండి. ఏడోది.

మనం ఏం చేస్తున్నాం? ఏడోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నాం. స్నానం, మడి, ఎవరు ముట్టారు, ఎవరు ముట్టలేదు. మొదటి రెండింటి దగ్గరికి పోనే పోము. ఎందుకంటే ఏడోది కంటికి కనిపిస్తుంది, ఫోటో తీయొచ్చు, స్టేటస్ పెట్టొచ్చు. ‘ఈ రోజు గౌరవం కోరుకోలేదు’ అని స్టేటస్ పెడితే అది అక్కడే పోయింది!

3వ అధ్యాయంలో కృష్ణుడు ఇంకా గట్టిగా అంటాడు. చేతులు, కాళ్ళు కట్టేసుకొని కూర్చొని మనసులో మాత్రం విషయాలనే తిప్పుకునేవాణ్ణి మిథ్యాచారుడు అంటాడు. అంటే వేషం వేసినవాడు. 16వ అధ్యాయంలో అసుర గుణాల వరుస చెబుతూ దేనితో మొదలుపెట్టాడో తెలుసా? దంభంతో. తిండి గురించో, బట్టల గురించో ఆ వరుస మొదలవలేదు.

మరి హనుమంతుడు? సుందరకాండలో సీతమ్మను వెతుకుతూ రావణుడి అంతఃపురంలోకి వెళ్తాడు. నిద్రపోతున్న స్త్రీలను చూస్తాడు. బయటికి రాగానే ఆయనకు భయం వేస్తుంది: నేను ధర్మం తప్పానా? అప్పుడు తన మనసును తానే పరీక్షించుకుంటాడు. అందులో వికారం లేదని నమ్మకం కుదిరాకే ముందుకు పోతాడు. గమనించండి. లంకలో అన్ని తప్పులు కళ్ళ ముందు కనిపిస్తున్నా ఆయన ముందు తనిఖీ చేసింది తన మనసునే. హనుమాన్ మాల అంటే ఆ తనిఖీ మెడలో వేసుకోవడం. నేను మాత్రం దాన్ని ఇంట్లో అందరి మీదా తిప్పాను.

దూరపు ఇల్లు ఒకటి చూద్దాం

మన ఇంటి దుమ్ము మనకు కనపడదు. కొంచెం దూరం పోయి వేరే ఇల్లు చూస్తే అర్థమవుతుంది. అందుకే మీలో చాలామంది స్నేహితులు ఉన్న అమెరికాకు పోదాం.

ఉటా రాష్ట్రంలో సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా మోర్మన్లు అనే శాఖ ఉంది. 1830లో జోసెఫ్ స్మిత్ న్యూయార్క్ రాష్ట్రంలో మొదలుపెట్టాడు. ఆయన తర్వాత బ్రిగమ్ యంగ్ వెంట 1847లో వాళ్ళు ఉటా చేరారు. క్రమశిక్షణ గల జనం. మద్యం, పొగాకు, టీ, కాఫీ ముట్టరు. ఈ నియమం 1833 నుంచి ఉంది. సంపాదనలో పదో వంతు తమ సంస్థకు ఇస్తారు. ఎంతోమంది కుర్రాళ్ళు రెండేండ్లు ఇల్లు వదిలి ప్రచారానికి పోతారు. కష్టం వస్తే ఒకరికొకరు నిలబడతారు. ఇవన్నీ మంచి గుణాలే.

వాళ్ళ ముఖ్యమైన ఆలయాల్లోకి వెళ్ళాలంటే ముందు పెద్దల దగ్గర ఇంటర్వ్యూ ఉంటుంది. అందులో నెగ్గితేనే అనుమతి పత్రం ఇస్తారు. పదో వంతు ఇస్తున్నావా, తిండి నియమం పాటిస్తున్నావా అని అడుగుతారు. నిజాయితీగా ఉంటున్నావా అని కూడా అడుగుతారు.

ఆ సంస్థను వదిలి బయటికి వచ్చినవాళ్ళు ఎంతోమంది తమ అనుభవాలు చెప్పారు, రాశారు. వాళ్ళ మాటల్లో మళ్ళీ మళ్ళీ వినిపించేది ఒకటే. దేవుడు లేడని వాళ్ళు మొదలుపెట్టరు. ‘మాదొక్కటే నిజమైన దారి’ అనే మాట రోజూ వింటూ పెరిగితే పక్కింటివాళ్ళు తక్కువగా కనిపించడం మొదలవుతుందని చెబుతారు. కాఫీ తాగే పొరుగింటాయన మీద జాలి చూపిస్తారట, వ్యాపారంలో మోసం చేసిన తమవాణ్ణి మాత్రం ముందు వరుసలో కూర్చోబెడతారట. వదిలి వచ్చినవాళ్ళ గురించి అందరూ ఒకే మాట అంటారట: ‘పాపం చేయాలని ఉంది, అందుకే పోయాడు.’

కాఫీ వాసన పక్కింటికి తెలుస్తుంది. నిజాయితీకి వాసన ఉండదు. అందుకే ఏ గుంపులోనైనా కాఫీ లాంటి నియమాలు గట్టిపడతాయి, నిజాయితీ లాంటివి ఒక్క ‘అవును’తో అయిపోతాయి. ఆ సంస్థకే ఈ పరీక్ష ఎదురైంది. 2023 ఫిబ్రవరిలో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ మోర్మన్ సంస్థ పెట్టుబడుల విభాగానికి 40 లక్షల డాలర్లు, సంస్థకు 10 లక్షల డాలర్లు జరిమానా వేసింది. తమ షేర్లు ఎంత ఉన్నాయో బయటపడకుండా డొల్ల కంపెనీల పేర్లతో లెక్కలు సమర్పించారన్నది కారణం. తప్పులు జరిగాయని, అందుకు చింతిస్తున్నామని సంస్థ చెప్పి జరిమానా కట్టింది.

ఇది చదువుతుంటే మీకు ఏమనిపించింది? నిజం చెప్పండి. ‘చూశారా, వాళ్ళ మతం అంతే, మనది అట్ల కాదు’ అని లోపల ఒక చిన్న సంతోషం కలిగిందా?

ఆగండి. ఆ చిన్న సంతోషమే ఈ రోజు పాఠం. అది నాకూ కలిగింది. వాళ్ళ డొల్ల కంపెనీని నేను వేలెత్తి చూపిస్తుంటే, నా 70 కిలోమీటర్ల కాగితం ఎక్కడికి పోయింది?

‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అంటారు, నిజమేనా?

మన దగ్గర కూడా వదిలేసినవాళ్ళు ఉన్నారు. మతం మారినవాళ్ళ సంగతి చెప్పడం లేదు. మాల వేసి మానేసినవాళ్ళు, భజనకు వచ్చి ఆగిపోయినవాళ్ళు. వాళ్ళను మనం ఎప్పుడైనా కూర్చోబెట్టి ఎందుకు మానేశారని ప్రేమగా అడిగామా? ఈ వ్యాసం కోసం నేను అడిగాను.

తొమ్మిదేండ్లు మాల వేసి మానేసిన ఒకాయన ఇట్ల అన్నాడు: “నలభై రోజులు ఇంటిదాన్ని ఒక్క మాట అనలే. అందరు మెచ్చుకున్నరు. మిగతా మూడు వందల చిల్లర దినాల సంగతి ఎవ్వలు అడగలే. నాకే సిగ్గనిపిచ్చింది.” దీక్ష విరమణ అయిన రోజు సాయంత్రమే వైన్స్ ముందు నిలబడ్డ సంగతి కూడా ఆయనే చెప్పాడు.

భజన మండలి మానేసిన ఒక పెద్దమ్మ ఇట్ల అన్నది: “భజనల కండ్ల నీళ్ళు పెట్టుకుంటరు బిడ్డా. భజన అయినంక ఎవలి కోడలు ఎట్లున్నదో ముచ్చట పెడ్తరు. నా కోడలు సంగతి కూడా పెట్టిన్రు. ఇగ పోబుద్ధి కాలే.”

ఇద్దరూ దేవుణ్ణి వదల్లేదు. ఆయన రోజూ పొద్దున చాలీసా చదువుకుంటాడు. ఆమె ఇంట్లో దీపం పెడుతుంది. వాళ్ళు వదిలింది గుంపును.

ఇలాంటివాళ్ళు నోరు తెరిస్తే మనం సామెత తీస్తాం: ‘ఇంటి గుట్టు లంకకు చేటు.’ ఈ సామెత విభీషణుడి మీద పుట్టింది. కానీ ఒకసారి ఆలోచించండి. లంకకు చేటు తెచ్చింది గుట్టు చెప్పడమా, గుట్టుగా ఉన్న తప్పా? సీతమ్మను వదిలేయమని విభీషణుడు ముందు ఇంట్లోనే చెప్పాడు. సభలో చెప్పాడు. అవమానం తిన్నాకే బయటికి వచ్చాడు. వదిలి వచ్చిన చాలామంది కథ ఇదే. ముందు ఇంట్లో చెబుతారు. మా చెల్లె నాకు గడప దగ్గర చెప్పినట్టు.

విభీషణుడు సముద్రం ఇవతలికి రాగానే సుగ్రీవుడు అనుమానించాడు. ‘శత్రువు మనిషి, నమ్మొద్దు’ అన్నాడు. అప్పుడు ఆయన పక్షాన నిలబడి, ఇతని మాటలో కపటం లేదు, చేర్చుకోవచ్చని రాముడికి చెప్పింది ఎవరు? హనుమంతుడు! ఆయన మాల వేసుకున్న మనం, వదిలి వచ్చినవాణ్ణి ‘భ్రష్టుడు’ అంటున్నాం.

ఒక్క జాగ్రత్త కూడా చెప్పాలి. వదిలేసినవాళ్ళ మాటలన్నీ వేదం కాదు. కొందరికి ‘నేను వదిలేశాను, కాబట్టి మీకంటే తెలివైనవాణ్ణి’ అనే కొత్త గర్వం వస్తుంది. పాత మాల తీసి కొత్త మాల వేసుకున్నట్టు. ఆ జబ్బుకు ఆస్తికుడు, నాస్తికుడు తేడా లేదు. అయినా వాళ్ళ మాట వినాలి. భజన గదిలో ఏం జరిగిందో, భజన అయ్యాక అదే గదిలో ఏం జరిగిందో, రెండూ చూసినవాళ్ళు వాళ్ళే.

నియమం ఎవరి కాళ్ళ మీద?

ఇదంతా చదివి ‘అయితే దీక్షలు, నియమాలు వద్దంటున్నావా’ అని అడుగుతారు. వద్దనను. మాల వల్ల మద్యం మానేసి మళ్ళీ ముట్టని మనుషులు నాకు తెలుసు. ‘ఏడాదంతా మాల ఉంటే బాగుండు’ అని నవ్వుతూ అనే ఇల్లాళ్ళు మన ఊళ్ళలో ఎందరో. ఆ నవ్వులో ఎంత బాధ ఉందో కూడా మనకు తెలుసు.

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. ఆ పూజకు గోండుల్లో మెస్రం వంశం వాళ్ళు గోదావరి నీళ్ళు తేవడానికి చెప్పుల్లేకుండా నడిచి పోతారు. జన్నారం వైపు హస్తినమడుగు దాకా పోయి, నీళ్ళు తీసుకొని, మళ్ళీ నడిచే వస్తారు. రోజుల తరబడి నడక. దారిలో ఊళ్ళలో ఆగుతూ, పడుకుంటూ. ఎంత కఠినమైన నియమం! కానీ ఆ నియమం బరువు ఎవరి మీద? నడిచేవాళ్ళ కాళ్ళ మీద. తెచ్చిన నీళ్ళతో పూజ అయ్యాక జాతర చూడడానికి వచ్చినవాళ్ళు దండం పెట్టుకొని పోతారు. నువ్వు ఎంత దూరం నడిచావని వాళ్ళను ఎవరూ అడగరు.

నాకు అప్పుడు అర్థమైంది. మంచి నియమం నా కాళ్ళ మీద ఉంటుంది. చెడిపోయిన నియమం పక్కవాళ్ళ నెత్తి మీద ఉంటుంది. నియమం ఒకటే, పెట్టిన చోటు మారింది.

ఈ వారం సాధన

ఒకటి. మీరు పాటించే నియమాలు ఒక కాగితం మీద రాయండి. శనివారం మాంసం తినకపోవడం, ఏకాదశి ఉపవాసం, రోజూ చాలీసా, ఏదైనా. ప్రతి నియమం పక్కన రాయండి: దీని వల్ల ఇంట్లో ఎవరికి పని పెరుగుతోంది? ఉపవాసం మీది, పిండి వంటలు అమ్మ చేస్తోందా? అయితే వచ్చేసారి ఆ వంట మీరే చేయండి.

రెండు. ఎవరికీ కనిపించని ఒక నియమం పెట్టుకోండి. దొంగ బిల్లు పెట్టను. పక్కవాడి పనిని నా పనిగా బాస్‌కు చెప్పను. లేనివాళ్ళ గురించి చెడు మాట్లాడను. 41 రోజులు. ఎవరికీ చెప్పొద్దు, స్టేటస్ పెట్టొద్దు. కనిపించే నియమం కంటే ఇది ఎంత కష్టమో వారంలో తెలుస్తుంది.

మూడు. మీ ఇంట్లో, మీ స్నేహితుల్లో గుడికి రావడం మానేసినవాళ్ళు ఒక్కరైనా ఉంటారు. వాళ్ళకు ఫోన్ చేయండి. మళ్ళీ రమ్మని పిలవడానికి కాదు. ‘నా వల్ల ఏమన్నా బాధ కలిగిందా?’ అని అడగడానికి. జవాబు వచ్చాక వాదించొద్దు. అది చాలా కష్టం, ముందే చెబుతున్నాను.

మూడోది నేను చేశాను. చెల్లె ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. ఫోన్ చేసి, ఆ బిల్లు సంగతి, చొప్పదండి సంగతి, గడప దగ్గర నేనన్న మాట, మొత్తం చెప్పి తప్పయింది అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆ రెండు టెస్టులు పోయినందుకు నేను ఏడ్వలే అన్నా. నా చేత బిల్లు రాయించుకుంట నన్ను మైల అన్నందుకు ఏడ్చిన” అన్నది.

ఈ సంగతి అందరికీ చెప్పొచ్చా అని అడిగాను. “చెప్పు. మాల వేసుకునేటోళ్ళకే చెప్పు” అన్నది. గుడికి వస్తావా అని నేను అడగలేదు. అడిగే హక్కు నాకు ఇంకా రాలేదనిపించింది.

ఈసారి పెద్ద జయంతికి మళ్ళీ మాల వేసుకుంటున్నాను. పీఠం ముందు దీపం పెట్టి, దాని పక్కన ఆ నెల పెట్రోల్ బిల్లు కూడా పెడతాను. ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అన్నే రాసి, నా చెడ్డ రాతతో నేనే రాసి.

వచ్చే వారం వీడియోలో ధర్మపురి నరసింహస్వామి క్షేత్రం గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు.

జై శ్రీరామ్! జై హనుమాన్!